గడ్డ ముక్క ప్రయాణం చెయ్యాలి, రోగి కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లక్షణాలేమైనా ఉన్నాయా అని అడిగి రాసుకుంటున్నారు. చాలా మంచి పని. ఆ జాబితాలో లేని ఒక సంగతి మీ పాఠకుల ముందు, అధికారుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. తొడలో, జబ్బలో, వీపు మీద, పొట్ట వెనక భాగంలో కండలోనో కొవ్వులోనో పుట్టే గడ్డల్లో కొన్ని మైక్రోస్కోప్ కింద కూడా మనిషిని మోసం చేస్తాయి. ఏ హానీ లేని గడ్డ క్యాన్సర్‌లా కనబడుతుంది. క్యాన్సర్ జాతికి చెందిన గడ్డ అచ్చం మామూలు కొవ్వుగడ్డలా కనబడుతుంది. ఈ రెండింటినీ విడదీసే జన్యు పరీక్షలు వచ్చి చాలా కాలమైంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కూలి చేసుకునే మనిషికి మాత్రం అవి ఇంకా దూరంగానే ఉన్నాయి.

నేను హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షించే చోట, టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ను కాను, రిపోర్టు మీద సంతకం ఎప్పుడూ నాది కాదు. కానీ థియేటర్ నుంచి వచ్చిన ముక్కను అందుకుని, కుళ్లకుండా ఆపే ఫార్మలిన్ మందులో ఉంచి, మైనంలో పోసి బ్లాక్ కట్టి, మైక్రోటోమ్ మీద నాలుగైదు మైక్రాన్ల మందాన కోసి, స్లైడు మీద పరిచి, రంగు పట్టించి, స్లైడు చూసి రోగం తేల్చే డాక్టరు పాథాలజిస్టు గారి బల్ల మీద పెట్టేదాకా నడిచే పని మా చేతుల్లోదే. అందుకని నాకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను.

చిన్న ఆస్పత్రుల నుంచి ముక్కలు ఎలా వచ్చేవో చెబుతాను. హార్లిక్స్ సీసాల్లో వచ్చేవి. సెలైన్ నీళ్లలో వచ్చేవి. తడి గాజుగుడ్డలో చుట్టి పాలిథిన్ సంచిలో పెడితే, బస్సులో ఎండకి వాసన పట్టి వచ్చేవి. సెలైన్‌లో ముక్క చెడిపోతుంది, కుళ్లడం ఆగదు. ఇంకో తంటా సన్నమూతి సీసా. థియేటర్లో మెత్తగా ఉన్న గడ్డను మూతిలోంచి నొక్కి లోపలికి తోస్తారు. ఒక రాత్రి ఫార్మలిన్‌లో ఉంటే అది గట్టిపడిపోతుంది. తెల్లారి బయటికి రాదు. సీసాను గుడ్డలో చుట్టి పగలగొట్టాలి. ముక్కలో చిన్న గాజు నలుసు మిగిలిపోయినా బ్లేడుకి పళ్లు పడతాయి, కోసిన ప్రతి పొరా చీరుకుపోతుంది. కొవ్వుగడ్డలదైతే వేరే సమస్య. కొవ్వు తేలుతుంది. తేలిన భాగానికి మందు తగలదు, నడిమికి అసలే దిగదు. పలకలుగా కోసి, పైన దూది కప్పి ముంచితే గాని నిలవదు. ఇవన్నీ చిల్లర విషయాల్లా ఉంటాయి. కానీ జన్యు పరీక్ష చూసేది ఆ ముక్కలో మిగిలిన డీఎన్‌ఏనే. మొదటి గంటల్లో ముక్కను ఎలా చూశారన్న దాని మీదే ఆ తర్వాతి పరీక్షలన్నీ ఆధారపడి ఉంటాయి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అప్పది (అక్కది) బొబ్బిలి దగ్గర పల్లె. ఊడ్పులకీ కోతలకీ పోయే మనిషి. కుడి తొడలో గడ్డ లేచింది. నొప్పి లేదు కనుక ఎవరితోనూ అనలేదు. పెద్దదై, కూర్చుంటే ఒత్తుకుంటుంటే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో తీయించుకుంది. నాకు తెలిసేసరికి కుట్లు కూడా విప్పేశారు. గడ్డను ల్యాబ్‌కి పంపారా అని వెళ్లి అడిగాను. కొవ్వే కదండీ, పారేశాం అన్నారు. నాలుగేళ్లకి అదే చోట మళ్లీ వచ్చింది. "కొవ్వే అన్నారు, తీసీసినారు, మరి మల్లీ ఎలగొచ్చినాదిరా తమ్ముడూ?" అని అడిగింది అప్ప. ఆ ప్రశ్నకు జవాబు ఆ పారేసిన ముక్కలో ఉండేది.

రెండోసారి విశాఖ తీసుకెళ్లాం. ఎంఆర్‌ఐ తీస్తే గడ్డ చర్మం కింద కాదు, కండరాల మధ్య లోతుగా ఉంది. 14 సెంటీమీటర్ల పొడవు. కొవ్వు మధ్యలో మందపాటి పొరలు. ఆపరేషన్ చేసి మొత్తం పంపారు. స్లైడులో వందల కొద్దీ మామూలు కొవ్వు కణాల మధ్య ఎక్కడో ఒకటీ అరా కేంద్రకాలు పెద్దవిగా, నల్లగా, వంకర అంచులతో కనిపించాయట. పాథాలజిస్టు గారు అనుమానం పెట్టి, ఎండీఎం2 అనే జన్యువుకి ఫిష్ అనే జన్యు పరీక్ష చేయించాలని రాశారు.

ఈ పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే జన్యు పరీక్ష అనగానే రక్తం తీసి వంశంలో రోగాలు చెప్పే పరీక్ష అనుకుని జనం భయపడుతున్నారు. ఇది అది కాదు. గడ్డలోని కణాల్లో మాత్రమే వచ్చిన మార్పును చూస్తారు. ఆ మార్పు పిల్లలకు పోయేది కాదు. మేము కట్టిన ఆ మైనం బ్లాక్ నుంచే ఇంకో పల్చటి పొర కోసి, దాని మీద వెలుగు రంగు అంటించిన డీఎన్‌ఏ ముక్కల్ని వేస్తారు. అవి తమకు జతపడే జన్యువును వెతుక్కుని అతుక్కుంటాయి. చీకటి గదిలో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద కేంద్రకం నీలంగా, జన్యువులు రంగు చుక్కలుగా కనబడతాయి. ఎండీఎం2 ఉండేది 12వ క్రోమోజోమ్ మీద. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మామూలు కొవ్వుగడ్డ కణంలో రెండే చుక్కలు. అప్ప గడ్డలోని కణాల్లో ఆ చుక్కలు చోళ్లు (రాగులు) ఒలకబోసినట్టు గుత్తులుగా ఉన్నాయి. 12వ క్రోమోజోమ్ నడిమిని చూపించే రెండో రంగు చుక్కలతో పోల్చి లెక్కపెడతారు. ఎండీఎం2 చుక్కలు వాటికి రెట్టింపో అంతకు మించో ఉంటే జన్యువు పెరిగినట్టు లెక్క.

అలా పెరిగితే ఏమవుతుంది? మన కణాల్లో పీ53 అనే ప్రోటీన్ ఉంటుంది. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణం విభజన చెందకుండా ఆపడం, అవసరమైతే ఆ కణాన్ని చంపెయ్యడం దాని పని. ఎండీఎం2 ఆ పీ53ని పట్టి నాశనం చేయిస్తుంది. ఎండీఎం2 కాపీలు అన్ని ఉంటే పీ53 నిలబడదు, కణం ఆగకుండా పెరుగుతుంది. కాళ్లూ చేతుల్లో ఇలాంటి గడ్డ వస్తే అటిపికల్ లైపోమాటస్ ట్యూమర్ అని రాస్తారు. అదే గడ్డ పొట్ట వెనక భాగంలో వస్తే వెల్ డిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా అని రాస్తారు, అక్కడ పూర్తిగా తియ్యడం కష్టం కనుక. కాళ్లలో వచ్చింది సాధారణంగా ఊపిరితిత్తులకూ కాలేయానికీ పాకదు. కానీ తీసిన చోటే తిరిగి రావచ్చు. కొందరిలో ఏళ్లు గడిచాక మరింత ప్రమాదకరమైన రూపానికి మారవచ్చు. అందుకే కాపు కాయాలి. అప్పకు కీమో అవసరం లేదన్నారు. క్రమం తప్పకుండా వచ్చి చూపించుకోమన్నారు. రోగం పేరు తెలియడం వల్ల దక్కిన మేలు ఇది. అనవసరమైన మందు తప్పింది, అవసరమైన కాపలా దొరికింది. పరీక్ష డబ్బు మాత్రం చేతి నుంచే కట్టాం. మా మేనల్లుడు చీటీ పాడి తెచ్చాడు.

ఇక దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు. నెల్లిమర్ల వైపు కొండవెలగాడ చుట్టుపక్కల కుర్రాళ్లు బరువులెత్తే ఆటలో పేరు తెచ్చుకున్న సంగతి ఈ జిల్లాలో అందరికీ తెలుసు. ఆ ప్రాంతంలోనే సాధన చేసే ఒక కుర్రాడికి ముంజేతి మీద గడ్డ లేచి మూడు వారాల్లో రెండు సెంటీమీటర్లయింది. తీసి పరీక్షకు పంపితే, కణాలు పొడుగ్గా, గజిబిజిగా, జోరుగా విభజన చెందుతూ ఉన్నాయి, హై గ్రేడ్ సార్కోమా, అంటే కండ, కొవ్వు లాంటి వాటిలో పుట్టే ఉధృతమైన క్యాన్సర్, అని రిపోర్టొచ్చింది. మళ్లీ ఆపరేషన్ చేసి చుట్టూ కండ వెడల్పుగా తియ్యాలి, ఆ తర్వాత రేడియేషన్ ఇవ్వాలన్నారు. వాళ్లమ్మ ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "సెయ్యి పోద్దంటన్నారు బాబూ, ఆడి బతుకేటైపోద్ది?" అని ఏడ్చింది.

చిన్న గడ్డ, ముంజెయ్యి, పడుచు వయసు, వారాల్లో పెరగడం. ఈ నాలుగూ కలిస్తే పాథాలజిస్టులు ముందుగా తలచుకోవాల్సింది నాడ్యులర్ ఫేషియైటిస్. పేరు భయపెట్టేలా ఉన్నా అది ప్రాణాంతకం కాదు, చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. క్యాన్సర్‌ను పోలిన గడ్డగా దాన్ని 1955లోనే వైద్య పత్రికలో వర్ణించారు. అప్పటి నుంచీ దాన్ని సార్కోమాగా పొరబడి పెద్ద ఆపరేషన్లు చేసిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2011లో దీని గుట్టు కనిపెట్టారు. ఈ గడ్డ కణాల్లో 22వ క్రోమోజోమ్ మీది ఎంవైహెచ్9 జన్యువు, 17వ క్రోమోజోమ్ మీది యూఎస్‌పీ6 జన్యువు విరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఫిష్ పరీక్షలో యూఎస్‌పీ6 జన్యువుకి ఆ పక్కన ఒక రంగు, ఈ పక్కన ఒక రంగు పెడతారు. జన్యువు చెక్కుచెదరకుండా ఉంటే రెండు రంగులూ కలిసే ఉంటాయి. విరిగితే విడివిడిగా కనబడతాయి.

పరీక్ష చేయిద్దామంటే బ్లాక్ కావాలి. బ్లాక్ ఇవ్వం, అది మా రికార్డు అని ఆ ప్రైవేటు ల్యాబ్ వాళ్లు చాలాసేపు మొండికేశారు. ఆ తల్లి సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చుంది. చివరికి సర్జన్ గారు లెటర్ రాసిస్తే ఇచ్చారు. విశాఖలో ఒక పెద్ద పాథాలజిస్టు గారు స్లైడు చూస్తూనే అనుమానం చెప్పారు, బ్లాక్‌ను ఫిష్‌కి పంపారు, జన్యువు విరిగినట్టు తేలింది. రెండో ఆపరేషన్ లేదు, రేడియేషన్ లేదు. ఇంత చిన్న మైనం ముక్క కోసం ఒక తల్లిని మెట్ల మీద కూర్చోబెట్టడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. చర్మం మీద గట్టిగా లేచి, పాత మచ్చే అని ఏళ్ల తరబడి వదిలేసే ఒక రకం కణితిలో 17, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. అది తెలిస్తే, ఆపరేషన్‌కు లొంగని వాళ్లకు ఇమాటినిబ్ అనే మాత్ర పనిచేస్తుంది. పెద్ద వయసు మగవాళ్ల మెడ వెనక వచ్చే ఒక కొవ్వుగడ్డ స్లైడులో అనుమానంగా కనబడుతుంది గాని, 13వ క్రోమోజోమ్‌లో కొంత భాగం పోయినట్టు తేలితే అది హాని లేనిదేనని ధైర్యంగా చెప్పొచ్చు. పిల్లల్లో వచ్చే యూయింగ్ సార్కోమాకు, కీళ్ల దగ్గర ఎక్కువగా వచ్చే సైనోవియల్ సార్కోమాకు వాటి వాటి గుర్తులున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన వర్గీకరణ పుస్తకంలో ఈ జన్యు గుర్తులకు చోటు దొరికింది.

ఇది చదివి చేతి మీద చిన్న కొవ్వుగడ్డ ఉన్నవాళ్లు కంగారు పడొద్దు. చర్మం కింద మెత్తగా కదులుతూ ఏళ్ల తరబడి పెరగని గడ్డలు దాదాపు అన్నీ మామూలివే. వాటికి ఈ పరీక్ష అక్కర్లేదు, వ్యాపారం కోసం ఎవరైనా రాసినా చేయించుకోవద్దు. సార్కోమాలు అరుదు, పెద్దవాళ్లలో వచ్చే క్యాన్సర్లలో నూటికి ఒకటి. అనుమానించాల్సింది 5 సెంటీమీటర్లు దాటిన గడ్డను, పెరుగుతున్న గడ్డను, కండ లోతున ఉన్న గడ్డను, తీశాక తిరిగొచ్చిన గడ్డను. వీటికి కత్తి పెట్టే ముందే ఎంఆర్‌ఐ, ఆపై సూదితో ముక్క తీసి పరీక్ష చేయించడం పద్ధతి. కొవ్వుగడ్డల్లో ఎండీఎం2 పరీక్ష ముఖ్యంగా అడగాల్సింది 10 సెంటీమీటర్లు మించి లోతుగా ఉన్నవాటికి, తిరిగొచ్చినవాటికి, పొట్ట వెనక పుట్టినవాటికి, స్లైడులో కేంద్రకాలు తేడాగా ఉన్నవాటికి. జన్యు పరీక్ష ఒక్కటే తీర్పు చెప్పదు కూడా. ఎండీఎం2 పెరుగుదల వేరే క్యాన్సర్లలోనూ కనబడుతుంది. యూఎస్‌పీ6 విరగడం ఎముకలో వచ్చే హాని లేని ఒక తిత్తిలోనూ ఉంటుంది. స్లైడు, స్కాన్, వయసు, గడ్డ ఉన్న చోటు, వీటన్నిటి పక్కన పెట్టి చదవగల పాథాలజిస్టు ఉండి తీరాలి.

అయితే మన దగ్గర ఏం చెయ్యొచ్చు? విజయనగరంలో, శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, వాటిలో పాథాలజీ విభాగాలున్నాయి. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఉంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇచ్ఛాపురం నుంచో బొబ్బిలి నుంచో గడ్డ ఉన్న మనిషిని, తోడుగా ఇంకో మనిషిని, కూలి మానిపించి ఊళ్లు తిప్పడం దేనికి? బ్లాక్ అగ్గిపెట్టెలో పట్టేస్తుంది. ఐసు అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. మైనం కరగకుండా బస్సు ఇంజను దగ్గర పెట్టకపోతే చాలు, ఏళ్లు గడిచినా పరీక్షకు పనికొస్తుంది. క్షయ పరీక్షకు పీహెచ్‌సీల నుంచి కఫం డబ్బాలు ల్యాబులకు వెళ్తున్నాయి కదా. అదే పద్ధతిలో జిల్లా ఆస్పత్రుల్లో అనుమానం తీరని బ్లాకుల్ని వారానికోసారి విశాఖకు పంపి, అక్కడ కుదరనివి ముంబయి దాకా పంపించి, రిపోర్టును ఆన్‌లైన్‌లో జిల్లా సర్జన్‌కు చేర్చే ఏర్పాటు చెయ్యాలని రెండు జిల్లాల కలెక్టర్లను, వైద్య విద్యా సంచాలకుల వారిని కోరుతున్నాను. ఎన్టీఆర్ వైద్య సేవ కింద గడ్డ ఆపరేషన్ చేసినప్పుడు, పాథాలజిస్టు రాస్తే ఈ పరీక్ష ఖర్చు కూడా అందులోనే పడుతుందని స్పష్టంగా రాసి ఆస్పత్రుల గోడల మీద పెట్టాలి.

సర్జన్ గార్లకు ఒక విన్నపం. ఏ గడ్డనూ బకెట్లో పడెయ్యకండి. వెడల్పు మూతి డబ్బా, ముక్కకు పదింతలు పైబడిన 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, పైన పేరు, తీసిన చోటు, తీసిన వేళ. బఫర్ కలపని ఫార్మలిన్ పులిసి డీఎన్‌ఏను పాడుచేస్తుంది. సీసాలో వారాల తరబడి నిలవ ఉంచినా అంతే, మూడు రోజులు దాటనివ్వకూడదు. ఎముక కలిసిన గడ్డ అయితే ఘాటైన ఆమ్లంలో వేసి మెత్తబరచొద్దని ల్యాబ్‌కి ముందే చెప్పండి, దాని బదులు ఈడీటీఏ అనే ద్రావణం వాడమనండి. ఆమ్లంలో వేశాక జన్యు పరీక్షకు ఏమీ మిగలదు.

ల్యాబుల వాళ్లకు కూడా ఒక మాట. వైద్య రికార్డులు రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నాటి నిబంధనల్లో ఉంది. బ్లాకుకూ అదే మర్యాద ఇవ్వండి. రశీదు రాయించుకోండి, మీ దగ్గర ఒక స్లైడు ఉంచుకోండి, మిగతాది రోగి చేతిలో పెట్టండి.

ఇక ఈ ఉత్తరం చదివే మా జిల్లాల వాళ్లకు. ఇంట్లో ఎవరికైనా గడ్డ తీయిస్తే ఆపరేషన్‌కు ముందే రెండు అడగండి: గడ్డను ఏ ల్యాబ్‌కి పంపుతున్నారు, రిపోర్టు ఎప్పుడొస్తుంది. రిపోర్టొచ్చాక బ్లాక్ నంబరెంతో అడగండి. ఆ నంబరు సాధారణంగా రిపోర్టు కాగితం మీదే ఉంటుంది. రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డుతో పాటు దాచుకోండి. గడ్డ తిరిగొస్తే మొదట అడిగేది ఆ కాగితాన్నే.

ఇందులో చెప్పిన ఇద్దరి అనుమతితోనే వాళ్ల సంగతులు రాశాను. పేర్లు కావాలని వదిలేశాను.

ఇట్లు,
విశ్రాంత హిస్టోపాథాలజీ టెక్నీషియన్,
బొబ్బిలి, విజయనగరం జిల్లా.